చిన్నప్పటి కాంట్రా మ్యూజిక్ ఇప్పుడు వింటే వేరేలా ఉంది. నాకేనా?

గోదారిగట్టు | పోస్ట్ 1

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి.

మొన్న ఆదివారం మా అబ్బాయికి నా చిన్నప్పటి వీడియో గేములు చూపిద్దామని యూట్యూబ్‌లో కాంట్రా పెట్టాను. మొదటి లెవెల్ అడవి మ్యూజిక్ మొదలవగానే తేడా కొట్టింది. ట్యూన్ అదే, కానీ వెనక కుక్క తరుముతున్నట్టు పరిగెడుతోంది. మేం ఆడినప్పుడు ఇంత హడావిడి లేదు. తర్వాత మారియో పెట్టాను. అక్కడ స్పీడుతో పాటు గొంతు కూడా వేరు. మా సెట్టులో కాస్త ముక్కుతో పాడినట్టు, సన్నాయిలా ఉండేది. ఇందులో గుండ్రంగా, నున్నగా ఉంది.

1996లో మా బాబాయి కొన్న సెట్టు అది. తెల్ల డబ్బా, ఎర్ర బటన్లు, ఆటలుండే పసుపు కేసెట్. మీద కంపెనీ పేరు ఉన్నట్టు గుర్తు లేదు. మా ఆవిడేమో "వయసైపోయింది, చెవులు చూపించుకో" అంటోంది. మీరే తీర్పు చెప్పాలి.

పాతకేసెట్ | పోస్ట్ 2

నీ చెవులకేం కాలేదు తమ్ముడూ. 1994 నుంచి 2001 దాకా హనుమకొండలో వీడియో గేమ్ షాపు నడిపినవాణ్ని చెప్తున్నా. నాలుగు టీవీలు, గంటకు ఐదు రూపాయలు. నాలుగు టీవీల్లో నాలుగు ఆటల మ్యూజిక్ ఒకేసారి మోగుతుంటే మధ్యలో కూర్చుని చిల్లర లెక్కపెట్టేవాణ్ని. నిద్రలో కూడా అదే వినపడేది. ఇప్పుడు నెట్‌లో ఉన్నది ఫాస్ట్‌గా ఉందని నాకూ అనిపించింది. ఎవరో వ్యూస్ కోసం స్పీడ్ పెంచి పెట్టారనుకుని వదిలేశాను.

డల్లాస్_బావ | పోస్ట్ 3

నాస్టాల్జియా అన్నయ్యా, అంతే. మన చిన్నప్పుడు ఆర్టీసీ బస్సు కూడా నిదానంగానే వెళ్లేది. :)

చతురస్రం | పోస్ట్ 4

నాస్టాల్జియా కాదు, వయసూ కాదు. కరెంటు. సరదాకి అనడం లేదు.

అమెరికా కరెంటు 60 హెర్ట్జ్. అక్కడి టీవీలు కూడా ఆ లెక్కతోనే సెకనుకు 60 సార్లు తెర గీసేవి, జపాన్ వాళ్లు ఆ పద్ధతే తీసుకున్నారు. మన కరెంటు 50 హెర్ట్జ్, మన టీవీలు పాల్ (PAL) అనే ప్రసార పద్ధతి, సెకనుకు 50 సార్లు. ఆ రోజుల్లో ఆట రాసేవాళ్లు మ్యూజిక్‌కు విడిగా గడియారం పెట్టేవాళ్లు కాదు. టీవీ ఒకసారి తెర గీయడం అయిపోగానే ప్రోగ్రాం నిద్ర లేచి "తర్వాతి స్వరం వేసే టైమ్ అయిందా?" అని చూసుకునేది. జపాన్‌లో అది సెకనుకు 60 సార్లు లేచేది. మన ఇంట్లో 50 సార్లే. అంటే అక్కడ 60 సెకన్లలో అయ్యే పాట మన దగ్గర 72 సెకన్లు పడుతుంది. మ్యూజిక్ ఒక్కటే కాదు, మనిషి పరుగు, బుల్లెట్, దూకుడు అన్నీ అంతే. మనం ఆడిన ఆటలు ఆరింట ఐదు వంతుల వేగంతో నడిచాయి. కాంట్రా మనకు అంత బాగా వచ్చేయడానికి అదీ ఒక కారణం కావచ్చు.

డల్లాస్_బావ | పోస్ట్ 5

అయితే నా ప్రతిభ కాదన్నమాట. ఈ థ్రెడ్ డిలీట్ చేయండి.

తంత్రి | పోస్ట్ 6

చతురస్రం గారూ, ఒక అనుమానం. నేను వయొలిన్ నేర్పిస్తాను, ఆటల గురించి పెద్దగా తెలియదు. టేప్ రికార్డర్‌లో బ్యాటరీ తగ్గితే పాట నిదానమవడంతో పాటు శ్రుతి కూడా దిగుతుంది కదా. గొంతు బొంగురుపోతుంది. ఇక్కడ కాలప్రమాణం మాత్రమే తగ్గి శ్రుతి ఎలా నిలబడింది?

చతురస్రం | పోస్ట్ 7

అసలు ప్రశ్న ఇదేనండీ.

టేపులో పాట రికార్డు అయి ఉంటుంది. ఇందులో పాట లేదు, నొటేషన్ మాత్రమే ఉంది. కేసెట్‌లో "ఈ స్వరం, ఇంతసేపు" అని అంకెలు ఉంటాయి, చిప్ అప్పటికప్పుడు వాయిస్తుంది. ఎంతసేపు అన్నది టీవీ లెక్క. ఏ స్వరం అన్నది చిప్ గడియారం లెక్క. రెండూ వేరు.

1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో వీడియో గేమ్ సెట్టు ఫ్యామికామ్‌లో రికో కంపెనీ చిప్ ఉండేది, గడియారం 1.79 మెగాహెర్ట్జ్. మన ఇళ్లలోకి వచ్చినవి దాని నకళ్లు. పాల్ టీవీల కోసం తైవాన్‌లో యూఎంసీ అనే కంపెనీ చేసిన నకలు చిప్ గడియారం 1.77. తేడా ఒక శాతం కూడా లేదు. పక్క స్వరస్థానానికి వెళ్లాలంటే దాదాపు ఆరు శాతం కావాలి కాబట్టి మామూలు చెవికి అందదు. తమాషా ఏంటంటే, యూరప్‌లో అమ్మిన అసలు సిసలు నింటెండో సెట్టు గడియారం 1.66. ఆట రాసినవాళ్లు యూరప్ కోసం సరిచేయకపోతే అక్కడ కాలమూ తగ్గేది, శ్రుతీ ఒక స్థానం పైగా దిగేది. ఈ ఒక్క విషయంలో నకలే నయం.

ఇక గోదారిగట్టు గారు చెప్పిన ముక్కు గొంతు. ఆ చిప్‌లో ఐదు గొంతులు. రెండు స్క్వేర్ వేవ్‌లు, బేస్ కోసం ఒక ట్రయాంగిల్, డ్రమ్ముల కోసం బుస్సుమనే నాయిస్, చిన్న చిన్న శాంపిళ్లకు (రికార్డు చేసిన శబ్దపు ముక్కలకు) ఇంకోటి. ట్రయాంగిల్‌కు వాల్యూమ్ కూడా లేదు, మోగితే మోగుతుంది, లేకపోతే లేదు. స్క్వేర్ వేవ్ అంటే కరెంటు పైకి, కిందికి గెంతడం. పైన ఎంతసేపు ఉంటుందన్న దాన్ని బట్టి గొంతు మారుతుంది. సగం సేపు ఉంటే క్లారినెట్‌లా బోలుగా ఉంటుంది. పావు వంతే ఉంటే పదునుగా, ముక్కుతో పాడినట్టు. ఇంకా తగ్గి ఎనిమిదో వంతైతే గీరుకుపోతుంది. నకలు చిప్పుల్లో కొన్నింటిలో సగం, పావు అనే ఈ రెండు సెట్టింగులు తారుమారయ్యాయి. ఆట "సగం" అని అడిగితే చిప్ "పావు" ఇస్తుంది. మారియో ట్యూన్ సగం గొంతుకు రాసింది. మీ సెట్టులో పావు గొంతులో మోగి ఉంటుంది.

గోదారిగట్టు | పోస్ట్ 8

ఈ పోస్టు ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటిస్తున్నాను. మా ఆవిడకు కనిపించేలా.

తంత్రి | పోస్ట్ 9

చాలా బాగా చెప్పారు. నేను కూర్చుని మారియో విన్నాను. మా తమ్ముడు ఆడుతుంటే వంటింట్లోంచి వినడమే తప్ప ఎప్పుడూ శ్రద్ధగా వినలేదు. అంత చిన్న ముక్కలో అంత సింకోపేషన్ (దెబ్బ మీద కాకుండా దెబ్బకు అటూ ఇటూ స్వరం పడటం) ఉందని ఇప్పుడు తెలిసింది. తాళం వేస్తూ కూర్చుంటే రెండుసార్లు తప్పాను, చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

ఇంకో సంగతి గమనించాను. మా తమ్ముడు జంప్ చేసినప్పుడల్లా పాటలో ఒక గొంతు మాయమయ్యేది. చెడిపోయిందనుకునేదాన్ని.

చతురస్రం | పోస్ట్ 10

చెడిపోలేదండీ. ఉన్నవే ఐదు గొంతులు, సౌండ్ ఎఫెక్టులకు విడిగా ఏమీ లేవు. జంప్ శబ్దం ఒక స్క్వేర్‌ని లాక్కుంటుంది, నాణెం శబ్దం ఇంకో స్క్వేర్‌ని లాక్కుంటుంది. పని అవగానే తిరిగి ఇచ్చేస్తాయి. పాటలో ఏ ముక్క ఎప్పుడు వినపడాలో ఆడేవాడి బొటనవేలు నిర్ణయించేది.

కీబోర్డ్_కృష్ణలంక | పోస్ట్ 11

ఆలస్యంగా వచ్చాను. ఆర్కెస్ట్రాల్లో కీబోర్డ్ వాయించి, ఇప్పుడు స్టూడియోలో రీరికార్డింగ్ పనులు చేసుకుంటున్నాను. మీరంతా చిప్ గురించి మాట్లాడుతున్నారు, బాగుంది. పాట కట్టిన మనిషి గురించి ఒక్కరూ అడగలేదు. ట్యూన్ చిప్ కట్టలేదు కదా?

డల్లాస్_బావ | పోస్ట్ 12

మారియో కోజి కొండో. 1984లో నింటెండోలో చేరాడు, 1985లో మారియో. ఆ ట్యూన్‌ని 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చారు. అందులోకి వెళ్లిన మొదటి వీడియో గేమ్ సంగీతం అదే. 2025లో మైన్‌క్రాఫ్ట్ ఆల్బమ్ చేరింది.

కొండో పేరు అందరికీ తెలుసు. మిగతావాళ్ల సంగతే ఘోరం. 80లలో జపాన్ కంపెనీలు చాలావాటిలో క్రెడిట్స్‌లో అసలు పేర్లు వేయనిచ్చేవారు కాదు, పక్క కంపెనీ వాళ్లు మనుషుల్ని లాగేసుకుంటారని భయం. మారుపేర్లు ఉండేవి. 1987 మెగా మ్యాన్ సంగీతం మనామి మత్సుమయె అనే ఆవిడది. ఆటలో చూస్తే "చంచకోరిన్ మనామి" అని ఉంటుంది. క్యాసిల్‌వేనియా చేసిన కినుయొ యమషితా పేరు ఆట చివర "జేమ్స్ బనానా". పాత హారర్ సినిమాల సంగీత దర్శకుడు జేమ్స్ బెర్నార్డ్ పేరు మీద జోక్ అది. ఊళ్లో బ్యాండ్ మేళం వాళ్లకైనా డ్రమ్ము మీద పేరుంటుంది, వీళ్లకు అదీ లేదు.

తంత్రి | పోస్ట్ 13

ఇద్దరూ ఆడవాళ్లేనా?

డల్లాస్_బావ | పోస్ట్ 14

అవునక్కా. స్ట్రీట్ ఫైటర్ 2 (1991) మ్యూజిక్ కూడా ఎక్కువ భాగం యోకో షిమోమురా. మన దగ్గర వీడియో గేమ్ షాపుల్లో అమ్మాయి కనిపిస్తే వింతగా చూసేవాళ్లు. అక్కడ మోగుతున్న మ్యూజిక్‌లో కొంత అమ్మాయిలు రాసిందని ఎవడికీ తెలియదు.

ఈ పేర్లన్నీ బయటికి రావడంలో అభిమానుల పని చాలా ఉంది. జపాన్ ఆల్బమ్‌ల లోపలి కాగితాలు చదివి, పాత ఇంటర్వ్యూలు అనువదించి, "ఈ మారుపేరు ఫలానా ఆవిడది" అని ఒక్కొక్కటీ తేల్చారు. వీజీఎండీబీ అని ఒక డేటాబేస్ ఉంది, చూడండి. ఏ ఆల్బమ్, ఏ సంవత్సరం, ఏ ట్రాక్ ఎవరిది, అన్నీ సభ్యులే ఎక్కించారు. కమడోర్ 64 కంప్యూటర్ ట్యూన్లకైతే 90ల నుంచి హై వోల్టేజ్ సిడ్ కలెక్షన్ అనేది నడుస్తోంది. యాభై వేల పైచిలుకు ట్యూన్లు, తెలిసినంతవరకు కట్టినవాడి పేరు. జీతం లేదు, భత్యం లేదు.

పాతకేసెట్ | పోస్ట్ 15

మా షాపులో మోగేది "అమ్మాయిలు రాసింది" అని అప్పుడే తెలిసుంటే బోర్డు మీద రాయించేవాణ్ని, నలుగురు ఎక్కువ వచ్చేవాళ్లు.

అమీర్‌పేట్_మెస్ | పోస్ట్ 16

మీ చర్చ చదువుతుంటే గుర్తొచ్చింది. 2003లో కోచింగ్ రోజుల్లో మా రూమ్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించినా ఒక చిన్న కిటికీ తెరుచుకుని టింగుటింగు అని సూపర్ మ్యూజిక్ వచ్చేది. సీరియల్ నంబర్ ఇచ్చే బుల్లి ప్రోగ్రాం. సాఫ్ట్‌వేర్ ఎక్కించాక కూడా దాన్ని మూసేవాళ్లం కాదు, పాట కోసం. అదీ ఇదేనా?

చతురస్రం | పోస్ట్ 17

దూరపు చుట్టం. అవి ట్రాకర్ మ్యూజిక్. 1987లో అమిగా కంప్యూటర్ కోసం కార్స్టెన్ ఒబార్స్కి చేసిన అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్‌తో మొదలైన పద్ధతి. చిన్న చిన్న శాంపిళ్లు, వాటిని ఎప్పుడు వాయించాలో ఒక పట్టిక, అంతే. ఫైలు సైజు కిలోబైట్లలో ఉండేది.

అడ్మిన్_చావడి | పోస్ట్ 18

సీరియల్ నంబర్ల దగ్గర ఆపుదాం. విషయంలోకి రండి.

కీబోర్డ్_కృష్ణలంక | పోస్ట్ 19

విషయంలోకే వస్తున్నాను. డల్లాస్_బావ గారు అభిమానుల్ని ఆకాశానికెత్తారు. పేర్లు వెతకడం వరకు సరే, చేతులెత్తి దండం పెడతాను. కానీ యూట్యూబ్‌లో ఆల్బమ్‌లకు ఆల్బమ్‌లు ఎక్కించేది కూడా అభిమానులే కదా. నేను ట్యూన్ కట్టి పొట్ట పోసుకునేవాణ్ని. నా పని ఎవడో ఎక్కించి "నేను అభిమానిని" అంటే నాకు ఒరిగేదేంటి? దొంగతనానికి ప్రేమ అని పేరు పెట్టినట్టుంది.

డల్లాస్_బావ | పోస్ట్ 20

అన్నా, నీ కోపం అర్థమైంది. కానీ 2022కి ముందు పరిస్థితి చూడు. గిల్వాసన్నర్ అని ఒక ఛానెల్ ఉండేది, ఏళ్ల తరబడి నింటెండో మ్యూజిక్ ఎక్కించేది. 2022 మొదట్లో ఒక్కసారిగా వెయ్యికి పైగా వీడియోలు బ్లాక్ అయ్యాయి, ఛానెలే మూసేశాడు. హక్కు కంపెనీదే, కాదనను. కానీ అప్పటికి ఆ పాటల్లో చాలావాటిని డబ్బిచ్చి వినే దారి లేదు. ఏ స్ట్రీమింగ్ సర్వీసులోనూ లేవు. కొట్టు తెరవనివాడు "నా కొట్టుకు నష్టం" అన్నట్టుంది.

కీబోర్డ్_కృష్ణలంక | పోస్ట్ 21

కొట్టు తెరవకపోవడం కూడా వాడి హక్కే. నా బీరువాలో పాట నేను బయటపెట్టకపోతే మీరు తాళం పగలగొడతారా?

డల్లాస్_బావ | పోస్ట్ 22

2024 అక్టోబరులో కొట్టు తెరిచారులే. నింటెండో మ్యూజిక్ అని యాప్. వాళ్ల ఆన్‌లైన్ సభ్యత్వం ఉన్నవాళ్లకు మాత్రమే. పాటను గంటసేపు ఆగకుండా సాగదీసుకునే సదుపాయం కూడా ఉంది. అభిమానులు ఏళ్ల కింద యూట్యూబ్‌లో చేసిన "ఎక్స్‌టెండెడ్" వీడియోల ఐడియానే అది. సరే, అదీ వదిలెయ్. యాప్ వచ్చినప్పుడు అందులో ఆట పేరుంది, పాట పేరుంది, కట్టినవాళ్ల పేరు లేదు. నువ్వు బాధపడుతున్నది ఎవరి కోసం అన్నా? కంపెనీ కోసమా, నీలాంటి ట్యూన్ కట్టినవాడి కోసమా?

కీబోర్డ్_కృష్ణలంక | పోస్ట్ 23

పేర్లు లేవా? కొండో పేరు కూడా?

డల్లాస్_బావ | పోస్ట్ 24

కొండో పేరు కూడా.

కీబోర్డ్_కృష్ణలంక | పోస్ట్ 25

దానికి నా దగ్గర జవాబు లేదు. నేను వాయించిన సినిమాల్లో నా పేరు ఎక్కడుందో నాకు తెలుసు, అంటే ఎక్కడా లేదని తెలుసు. ఎక్కించడం తప్పే అని ఇప్పటికీ అంటాను. కానీ ముందు అన్నంత గట్టిగా అనలేను.

తంత్రి | పోస్ట్ 26

ఎక్కించడానికీ, తిరిగి వాయించడానికీ తేడా ఉంది కదండీ. అభిమానులు సొంతంగా వాయించినవి లేవా?

డల్లాస్_బావ | పోస్ట్ 27

బోలెడు ఉన్నాయక్కా. ఓవర్‌క్లాక్డ్ రీమిక్స్ అని 1999 డిసెంబరులో మొదలైంది. వేల రీమిక్సులు, అన్నీ ఉచితం. ఎవరు పడితే వారు పెట్టడానికి లేదు, జడ్జీల ప్యానెల్ వింటుంది. అసలు ట్యూన్ ఎంత నిలిపావు, నీ సొంతం ఎంత కలిపావు అని తూకం వేస్తారు. అసలు మరీ ఎక్కువైతే కాపీ అంటారు, మరీ తక్కువైతే ఆ ట్యూన్ ఎక్కడుంది అంటారు. పనితనం ఎంత బాగుందంటే 2008లో క్యాప్‌కామ్ కంపెనీ స్ట్రీట్ ఫైటర్ 2 కొత్త హెచ్‌డీ వెర్షన్‌కు సంగీతం వీళ్లచేతే చేయించుకుంది.

తంత్రి | పోస్ట్ 28

అంటే మనోధర్మానికి మార్కులు. మా పరీక్షల్లో వాళ్లకంటే నయం.

సరే, నా వంతు ఒకటి. బ్రిక్ గేమ్ పాట, అదే టెట్రిస్. దానికి మూలం కొరోబెయినికి అనే పాత రష్యన్ పాటట. నింటెండో చేతి సెట్టు గేమ్ బాయ్‌లో (1989) వచ్చింది వయొలిన్ మీద వాయించి చూశాను. మొదటి సగం చక్కగా నటభైరవి స్వరాల్లో ఒదిగిపోతుంది. తర్వాత నిదానంగా దిగే భాగం ఉంది చూశారా, అక్కడ కాకలి నిషాదం తగులుతుంది, చెవికి కీరవాణిలా అనిపిస్తుంది. రాగం అనేశానని ఎవరూ పేచీ పెట్టకండి, స్వరాల వరకే. నా దగ్గర నేర్చుకునే పిల్లాడికి నటభైరవి రెండు నెలలుగా రావడం లేదు. ఇది వాయిస్తే పది నిమిషాల్లో పట్టేశాడు. వాళ్ల నాన్నకు చెప్పొద్దని బతిమాలాను.

గోదారిగట్టు | పోస్ట్ 29

థ్రెడ్ మొదలుపెట్టినవాణ్ని మర్చిపోయినట్టున్నారు. :) నా గోల ఒకటుంది. మీరు చెప్పిన డేటాబేస్‌లు, కలెక్షన్లు అన్నీ వెతికాను. జపాన్ వెర్షన్ ఉంది, అమెరికా వెర్షన్ ఉంది. నేను విన్నది మాత్రం లేదు. ఆరింట ఐదు వంతుల వేగం, ముక్కు గొంతు, అది ఎక్కడుంది?

కీబోర్డ్_కృష్ణలంక | పోస్ట్ 30

తమ్ముడూ, అది పొరపాటు వెర్షన్ కదా. అరిగిపోయిన రికార్డును భద్రపరచమన్నట్టుంది. కట్టినవాడు అనుకున్నది ఏదో అదే అసలు.

చతురస్రం | పోస్ట్ 31

ఇక్కడ నేను గోదారిగట్టు గారి పక్షం. "అసలు" అన్నది అంత తేలిగ్గా తేలదు. 1989లో కొనామి తెచ్చిన క్యాసిల్‌వేనియా మూడో భాగం తీసుకోండి. జపాన్ కేసెట్ లోపలే వీఆర్‌సీ6 అని అదనపు చిప్ పెట్టి ఇంకో మూడు గొంతులు కలిపారు. జపాన్ మెషీన్ కేసెట్ నుంచి వచ్చే శబ్దాన్ని తన శబ్దంతో కలుపుకోగలదు. అమెరికా మెషీన్‌లో ఆ దారి లేదు. అందుకే అమెరికా కోసం అదే సంగీతాన్ని ఐదు గొంతులకు కుదించి రాశారు. అమెరికా పిల్లలు పెరిగింది ఆ కుదించిన దాంతోనే, దాన్నే ప్రాణంగా చూసుకుంటారు. రెండూ దొరుకుతాయి, రెంటికీ అభిమానులున్నారు.

నకళ్ల సంగతికొస్తే రష్యావాళ్లను చూడాలి. అక్కడ 1992 నుంచి డెండీ అనే పేరుతో ఇలాంటి నకలు సెట్టే అమ్మారు. వాళ్ల తరానికి వీడియో గేమ్ అంటే డెండీయే. పెద్దయ్యాక వాళ్లేం సిగ్గుపడలేదు. చిప్పులు విప్పి, గడియారాలు కొలిచి, అంతా రాసిపెట్టారు. అందుకే ఇవాళ మెసెన్ లాంటి ఎమ్యులేటర్‌లో (పాత సెట్టును కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాం) అమెరికా, యూరప్ పక్కనే డెండీ అని ఒక రీజియన్ ఉంటుంది. గొంతులు తారుమారు చేసే టిక్ పెట్టె కూడా విడిగా ఉంది. ఆ రెండూ పెట్టి మారియో ఆడి చూడండి. మన సెట్టు ఆ వంశందే.

గోదారిగట్టు | పోస్ట్ 32

పెట్టాను.

రాత్రి పదకొండున్నరకు హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. వెనకే మా పెంకుటిల్లు, నులకమంచం, బాబాయి "ఇక చాలు, టీవీ వేడెక్కింది" అని అరవడం అన్నీ వచ్చేశాయి. ఇంకేం రాయలేను.

పాతకేసెట్ | పోస్ట్ 33

ఎమ్యులేటర్ సరే తమ్ముడూ, ఆ సెట్టు ఉందా ఇంకా?

గోదారిగట్టు | పోస్ట్ 34

తణుకులో బాబాయి వాళ్ల అటక మీద ఉండాలి. సంక్రాంతికి వెళ్తున్నాను.

చతురస్రం | పోస్ట్ 35

దొరికితే ఇలా చేయండి. ముందు పాత అడాప్టర్ వాడకండి, ఓల్టేజ్, పిన్ను వైపులు చూసుకుని కొత్తది పెట్టండి. వెనక తెల్ల పిన్ను ఆడియో. దాన్నుంచి కంప్యూటర్‌లోకి కేబుల్ వేసి ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాంలో రికార్డ్ చేయండి. టీవీ ముందు ఫోన్ పెట్టి తీయొద్దు, స్పీకర్ గొంతు కలిసిపోతుంది.

రెండు పరీక్షలు. ఒకటి, స్టాప్‌వాచ్. యూట్యూబ్‌లో కాంట్రా మొదటి లెవెల్ సరిగ్గా ఒక నిమిషం విని, ఏ స్వరం దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకోండి. మీ సెట్టు అక్కడికి ఎన్ని సెకన్లకు వస్తుందో చూడండి. రెండు, మారియోలో స్టార్ట్ నొక్కి పాజ్ చేయండి. మ్యూజిక్ ఆగి పాజ్ శబ్దం వస్తుంది కదా, అది ఒక్క స్క్వేర్ గొంతే, అసలు చిప్‌లో సగం సెట్టింగు. దాన్ని పెద్దది చేసి చూస్తే పైన ఎంతసేపు, కింద ఎంతసేపు ఉందో కంటికే కనిపిస్తుంది.

గోదారిగట్టు | పోస్ట్ 36

వచ్చేశాను. ఫైళ్లు కింద జతచేశాను.

సెట్టు దొరికింది. దాని మీద ఊరగాయ జాడీ, జాడీ మీద పాత పంచాంగాలు. ఎర్ర బటన్లు గులాబీ రంగులోకి మారాయి. కేసెట్ పిన్నులు స్పిరిట్ పెట్టి తుడిచాను (చిన్నప్పుడు నోటితో ఊదేవాళ్లం, ఆ ఉమ్మి వల్లే పిన్నులు తుప్పు పట్టాయేమో). నాలుగోసారికి తెర వచ్చింది. మొదటి రెండు రికార్డింగుల్లో గుయ్యిమని శబ్దం, లాప్‌టాప్ ఛార్జర్ పీకేస్తే పోయింది.

స్టాప్‌వాచ్: 72 సెకన్లు. మూడుసార్లు చూశాను, ఒకసారి 71న్నర వచ్చింది, అది నా వేలు.

పాజ్ శబ్దం: పైన పావు, కింద ముప్పావు. తారుమారే. మా ఆవిడకు స్క్రీన్ చూపించాను. "సరే, చెవులు బాగానే ఉన్నాయి, మరి నేను పిలిస్తే ఎందుకు వినపడదు?" అంది.

పాతకేసెట్ | పోస్ట్ 37

నిన్ను చూసి నేనూ గోడౌన్‌లో వెతికా. షాపు సెట్లలో ఒకటి మిగిలింది. మా అల్లుడు రికార్డ్ చేసి పెట్టాడు, ఫైలు చూడండి. స్పీడు నీలాగే, 72. కానీ పాజ్ శబ్దం సగం సగం ఉంది. తారుమారు కాలేదు. చతురస్రం తమ్ముడూ, మేం ఏమైనా తప్పు చేశామా?

చతురస్రం | పోస్ట్ 38

తప్పేం లేదన్నా, రెండు రికార్డింగులూ శుభ్రంగా ఉన్నాయి. చిప్పులు వేరు, అంతే. మీ షాపులో పిల్లలు విన్నది అసలు గొంతు, నిదానపు నడక. తణుకులో విన్నది ముక్కు గొంతు, నిదానపు నడక. అంటే మన దగ్గర కనీసం రెండు రకాల మారియోలు పెరిగాయి. ఇంకా ఎవరి అటక మీదైనా సెట్లుంటే ఈ రెండు పరీక్షలే చేసి ఇక్కడే పెట్టండి. ఊరు, కొన్న సంవత్సరం, పాజ్ శబ్దం పావా సగమా. విప్పగలిగితే చిప్ మీద నంబరు.

కీబోర్డ్_కృష్ణలంక | పోస్ట్ 39

తణుకు ఫైలు స్టూడియో స్పీకర్లలో పెట్టి విన్నాను. బేస్ కొంచెం వణుకుతోంది, అదీ బాగుంది. పొరపాటు వెర్షన్ అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా పెదనాన్న గారింట్లో కూడా ఒకటి ఉండాలి, అడుగుతాను. ఫైలు పేర్లో ట్యూన్ కట్టినవాళ్ల పేరు కూడా రాయండి దయచేసి.

గోదారిగట్టు | పోస్ట్ 40

రాశానన్నా. మారియో దానికి కోజి కొండో అని పెట్టాను. కాంట్రాకు మొదట నాణెం వేసి ఆడే ఆర్కేడ్ ఆట కోసం కట్టిన కజుకి మురావోకా, దాన్ని ఇంటి సెట్టుకు మలిచిన హిదెనోరి మయెజావా, క్యోహెయ్ సదా అని చతురస్రం గారు చెప్పారు, అవీ చేర్చాను.

ఒక చిన్న సహాయం. సెట్టు అటక ఎక్కించనివ్వలేదు మా బాబాయి. రిటైరయ్యాడుగా, రోజూ పొద్దున్నే కాఫీ తాగి కూర్చుంటున్నాడట. ఇప్పుడే ఫోన్ చేశాడు. రెండో లెవెల్లో, ఆ సొరంగం లాంటి దాంట్లో చచ్చిపోతున్నాడట. ముప్పై లైఫుల కోడ్ ఏంటిరా అని అడుగుతున్నాడు.

పాతకేసెట్ | పోస్ట్ 41

పైన పైన కింద కింద ఎడమ కుడి ఎడమ కుడి బి ఏ, స్టార్ట్. టైటిల్ బొమ్మ వచ్చినప్పుడే కొట్టమను. మెల్లగా కొట్టినా పడుతుంది అని చెప్పు.